కంప్యూటర్ మరిది

సెలవు రోజుకి అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సెలూన్‌లో కటింగ్, తర్వాత వేడినీళ్ల స్నానం, కడుపునిండా భోజనం, ఆపైన నిద్ర. పరుపుల షోరూంలో మేనేజరుకి వారమంతా పరుపుల మధ్యే గడుస్తుంది గానీ, వాటి మీద నడుం వాల్చే యోగం మాత్రం కొనడానికి వచ్చినవాళ్లదే. వాళ్లు పడుకుని హాయిగా కళ్లు మూసుకుంటే, పక్కన చేతులు కట్టుకుని నిలబడి "ఎలా ఉంది సార్" అని అడగడం అతని ఉద్యోగం. అందుకే సెలవునాటి మధ్యాహ్నపు నిద్ర మీద అతనికి అంత మమకారం.

సెలూన్‌కి బయల్దేరుతూ ఒక కాలికి చెప్పు తొడిగాడో లేదో, ఫోను మోగింది. అవతల వదిన.

"మరిదిగారూ, కంప్యూటర్ చచ్చి కూర్చుంది," అందావిడ, గొంతు వణక్కుండా జాగ్రత్త పడుతూ. "ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తోంది, అక్కడితో బిగుసుకుపోతోంది. నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, అప్పట్నుంచీ ఇదే వరస. పదకొండింటికి నా పరీక్ష. మీరొస్తే గానీ కాదు."

ఆ చివరి మాటకి అతని రెండో కాలు చెప్పు దాకా వెళ్లి ఆగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి, ఆ ఇంట్లో అతనికి 'కంప్యూటర్ మరిది' అనే బిరుదు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట, అన్నగారింట్లో కంప్యూటర్ కొన్న కొత్తలో, ఒకరోజు అది వెలగలేదు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి దిగాలుగా చూస్తుండగా ఇతను వెళ్లాడు. బల్ల కింద ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. వంగి లోపలికి నొక్కాడు. వెలిగింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ పరుపులు అమ్మే నోరది, ఊరికే ఉండలేకపోయింది. "మదర్‌బోర్డ్ కొంచెం అలిసింది. ఇప్పుడు ఫర్వాలేదు," అనేశాడు. ఆ మాట ఎక్కడ విన్నాడో అతనికే గుర్తులేదు. తల్లి మాత్రం ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు కలిపి, మా చిన్నవాడు చెయ్యి పెడితే చాలు, ఎలాంటి కంప్యూటరైనా లేచి కూర్చుంటుందని చెప్పేసింది.

ఆ తర్వాత ఎన్ని పిలుపులో. వెళ్లేవాడు, ఆపేవాడు, మళ్లీ ఆన్ చేసేవాడు. అతని విద్య మొత్తం అంతే. అదేం చిత్రమో గానీ, చాలాసార్లు ఆ విద్యే సరిపోయేది. సరిపోనప్పుడు "దీనికి ఆయుష్షు అయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అనేవాడు. వాళ్లు కొనుక్కునేవాళ్లు. కొత్తది చక్కగా పనిచేసేది. ఆ పేరూ అతనికే వచ్చేది.

ఇవాళ సంగతి వేరు. వదిన పెళ్లికి ముందు ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పనిచేసేది. పిల్లలు పుట్టాక మానేసింది. ఇప్పుడు వాళ్లు బడికి పోతున్నారు, తనకీ ఒక పని ఉంటే బాగుండుననుకుంది. ఎన్నో చోట్ల దరఖాస్తు పెట్టింది. మధ్యలో ఇన్నేళ్లు ఖాళీగా ఎందుకున్నారని అడిగినవాళ్లే గానీ, రమ్మన్నవాళ్లు లేరు. మొదటిసారి సరేనన్నది ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ అమ్మే ఒక కంపెనీ. కొన్నవాళ్ల ఫిర్యాదులు విని సర్దిచెప్పే పని, అదీ ఇంటి నుంచే. పరీక్ష మాత్రం కంప్యూటర్ మీదే రాయాలి, ఫోన్లో కుదరదన్నారు. ఇది కూడా జారిపోతే ఆవిడ ఇంకెక్కడా దరఖాస్తు పెట్టదని అతనికి తెలుసు. కాలేజీ రోజుల్లో తనకి జ్వరమొస్తే కన్నతల్లి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి. అలాంటి వదిన ఉద్యోగం తన నోటిదురద వల్ల పోతుందేమోనని అతని భయం.

"ఏమండీ, ఇవాళైనా నిజం చెప్పేయండి," అంది అతని భార్య. కుటుంబం మొత్తంలో ఈ రహస్యం తెలిసింది ఆమెకొక్కదానికే. "నాకు రాదు, మెకానిక్‌ని పిలవండి. రెండు ముక్కలు. నోరు అరిగిపోదు."

"చెప్పేస్తాను," అన్నాడతను.

దారిపొడవునా స్కూటర్ మీద ఆ రెండు ముక్కలే వల్లె వేశాడు. సిగ్నల్ దగ్గర పైకే అనేసినట్టున్నాడు, పక్క బండి మీదాయన జాలిగా చూసి కొంచెం దూరం జరిగాడు.

అన్నగారి ఫ్లాట్ రెండో అంతస్తులో. అన్న ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. తలుపు తీసింది తల్లి. హాల్లో కంప్యూటర్ బల్ల ముందు కుర్చీ, కుర్చీ వీపున ఉతికిన తువ్వాలు, పక్కన మూతపెట్టిన మంచినీళ్ల గ్లాసు. ఆపరేషన్‌కి అన్నీ సిద్ధం. ఆ పక్కనే తండ్రి నిలబడ్డాడు. నీటి సరఫరా శాఖలో పంపుహౌసు చూసి రిటైరైన పెద్దమనిషి. యంత్రం అనే మాట వినిపిస్తే చాలు, ఇప్పటికీ చొక్కా చేతులు పైకి మడుస్తాడు. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా సోఫా అంచున కూర్చుని ఉంది.

"వదినా, ముందొక మాట," అన్నాడతను గుమ్మంలోనే. "నాకు కంప్యూటర్ల గురించి నిజంగా ఏమీ తెలీదు. మెకానిక్‌ని పిలుద్దాం."

తల్లి కళ్లు చెమర్చాయి.

"చూశావటే," అంది కోడలితో. "అంత తెలిసుండి కూడా ఎంత అణకువో. మీ మామయ్య ఒక్క పంపు బాగుచేస్తే వీధంతా తిరిగి చెప్పుకునేవారు."

"పెద్ద డాక్టర్లూ అంతేగా," అన్నాడు తండ్రి, ఆ దెబ్బ తనకి తగలనట్టు. "మా చేతుల్లో ఏముందండీ అంటారు. చేసేది చేస్తూనే ఉంటారు."

"అది కాదు నాన్నా, నిజంగానే నాకు..."

"మరిదిగారూ, టైం లేదు," అంది వదిన.

ఆవిడ ముఖం నిండా నమ్మకమే ఉంది. వల్లె వేసుకొచ్చిన రెండు ముక్కలూ అప్పుడే అయిపోయాయి, మూడోది తెచ్చుకోలేదు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆపాడు. ఆన్ చేశాడు. కంపెనీ బొమ్మ వచ్చింది. బొమ్మ అక్కడే ఉండిపోయింది. మళ్లీ ఆపాడు, ఈసారి కొంచెం ఎక్కువసేపు ఆగి, నెమ్మదిగా, మర్యాదగా ఆన్ చేశాడు. మళ్లీ అదే బొమ్మ, చుట్టపుచూపుగా వచ్చి వెళ్లనని భీష్మించుకున్నట్టు. అతని విద్య అయిపోయింది. కొత్తది కొనుక్కోండి అందామంటే పదకొండు దగ్గర పడుతోంది.

"పైన సెక్రటరీగారికి ల్యాప్‌టాప్ ఉంది. ఓ గంట అడగనా అత్తయ్యా?" అంది వదిన.

"చాల్లే, ఊరుకో. మనింట్లో కంప్యూటర్ మరిది కూర్చుని ఉండగా పై ఇంటికెళ్లి చెయ్యి చాపుతామా? ఆయనసలే అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ. రేపు మీటింగులో పదిమందితో చెప్పుకుని నవ్వుతాడు."

"అడగనీయమ్మా, చాలా మంచి ఆలోచన," అన్నాడతను, ప్రాణం లేచొచ్చి.

"వదిన కంగారు తగ్గించడానికి అలా అంటున్నావు గానీ, నాకు తెలీదా. నీ పని నువ్వు కానియ్యి."

వదిన వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఇంటర్‌కంలో సెక్రటరీగారిని ల్యాప్‌టాప్ అడిగేసింది. ఆయన సంతోషంగా సరేనని, మోకాళ్ల నొప్పి కాబట్టి లిఫ్టులో తెస్తానన్నాడు. ఆ తర్వాత ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి, కంప్యూటర్ తెరుచుకోవడం లేదని ఉన్నదున్నట్టు చెప్పింది. పరీక్ష పెట్టే మేడం గొంతు తొణక్కుండా ఉంది. "కంగారుపడకండి. లైన్ మాత్రం కట్ చేయకండి, మళ్లీ దొరకడం కష్టం. తెరుచుకోగానే చెప్పండి, నేనుంటాను," అందామె. వదిన ఫోన్ స్పీకర్లో పెట్టి, చేతిలోనే పట్టుకుని హాల్లోకి వచ్చింది.

ఇక్కడ అతను ఏదో ఒకటి అనక తప్పలేదు. తల్లి, తండ్రి, వదిన, ముగ్గురూ నోటివంకే చూస్తుంటే పరుపుల మేనేజరు మౌనంగా ఎంతసేపు కూర్చోగలడు?

"కొంచెం వేడెక్కినట్టుంది," అన్నాడు.

అన్నాక తెలిసింది, అనకూడని మాట అన్నానని. తండ్రి అప్పటికే చేతులు మడిచేశాడు.

"నేను చెప్పలా? ఏ మోటారైనా అంతే. వేడెక్కితే మొరాయిస్తుంది," అంటూ పడగ్గదిలోంచి స్టాండు ఫ్యాను ఈడ్చుకొచ్చాడు. అది చాలదనిపించి బాల్కనీలోంచి కూలర్ కూడా తోసుకొచ్చాడు. రెండిటి వైర్లనీ కంప్యూటర్ వైరున్న బోర్డుకే తగిలించాడు. తల్లి తడిగుడ్డతో వచ్చింది.

"అమ్మా, తడిగుడ్డ వద్దు."

"నీకు జ్వరమొస్తే ఇదే వేసేదాన్ని."

"దీనికి జ్వరం కాదమ్మా. లోపల దుమ్ము పట్టి ఉంటుంది, అంతే," అన్నాడు గుడ్డ తప్పించాలని.

దుమ్ము అనే మాట రెండో పొరపాటు. తండ్రి స్క్రూడ్రైవర్ తెచ్చి డబ్బా పక్కరేకు విప్పేశాడు, ఇంట్లో ఉన్న వాక్యూం క్లీనర్ తెచ్చి దాన్నీ అదే బోర్డుకి పెట్టాడు. అది గొంతెత్తి మొరుగుతూ లోపలున్న దుమ్ముతో పాటు బల్ల మీద పెట్టిన స్క్రూలని కూడా టకటకా మింగేసింది.

"ఏదో మింగింది నాన్నా."

"ఏం ఫర్వాలేదు. మా పంపులు విప్పి బిగించినప్పుడల్లా నాలుగు స్క్రూలు మిగిలిపోయేవి. నీళ్లు రాలేదని ఎవరూ అనలేదు."

"అన్నారు," అంది తల్లి.

కంప్యూటర్, ఫ్యాను, కూలర్, వాక్యూం క్లీనర్, నాలుగూ కలిసి బోర్డు మీద పడ్డాయి. అది 'ఫట్' మంది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి, కూలర్ మూలిగి ఊరుకుంది, కంపెనీ బొమ్మ ఆరిపోయింది. ఇల్లంతా కరెంటు పోయింది.

వదిన సోఫాలో కూలబడింది. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్లు కంటిచివరకి వచ్చి నిలిచాయి. అతనికి తన నాలుక కోసుకోవాలనిపించింది.

"ఏడవకమ్మా. కింద స్విచ్చి పడిపోయుంటుంది, అంతే. ఇది నా శాఖ," అని తండ్రి చెప్పులు కూడా వేసుకోకుండా మీటర్ల గదికి దిగిపోయాడు.

మీటర్ల గదిలో అన్ని ఫ్లాట్ల స్విచ్చులూ ఒకే గోడకి వరుసగా ఉంటాయి. ఏది ఎవరిదో తెలిసేలా ఒకప్పుడు పైన ఫ్లాటు నెంబర్లుండేవి. సెక్రటరీగారు గది అందంగా ఉండాలని ఇటీవల రంగు వేయించారు. రంగువాళ్లు నెంబర్ల మీద నుంచి కూడా నున్నగా వేసేశారు. అందులో తమ స్విచ్చి ఏదో తండ్రికి తెలియలేదు. తెలియకపోతే ఆగే రకం కాదు. ఒక్కొక్కటే దించి ఎత్తి చూద్దామనుకున్నాడు. దించడం దించాడు గానీ, ఎత్తేలోగా ఎక్కడో పైన ఎవరో కేకేశారు. ఆ కేకకి కంగారుపడి ఏది దించానో మరిచిపోయి, పక్కది దించాడు. ఇంకో కేక వినిపించింది.

మొదటి కేక సెక్రటరీగారిది. ల్యాప్‌టాప్ గుండెకి హత్తుకుని లిఫ్టులో కిందికి దిగుతుండగా, అది మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య చీకట్లో ఆగిపోయింది. రెండో కేక మూడో అంతస్తు లెక్చరర్‌గారిది. ఒంటికీ కళ్లకీ సబ్బు రాసుకున్నాక కుళాయి ఆగింది. లిఫ్టు స్విచ్చీ, కుళాయిల్లోకి నీళ్లు తోసే మోటారు స్విచ్చీ కూడా ఆ గోడ మీదే ఉన్నాయి మరి.

వదిన కళ్లు తుడుచుకుని లేచింది. చేతిలో ఫోనుకి టార్చి వెలిగించి, చీకటి మెట్ల మీదికి వచ్చింది. వాక్యూం క్లీనర్ దుమ్ముసంచి పట్టుకుని అతనూ వెంటపడ్డాడు, స్క్రూలైనా వెతికిపెడదామని.

"నేనేం చేయను వదినా?"

"మీరీ మెట్టు మీద కూర్చోండి. ఏదీ ముట్టుకోకండి," అందావిడ. అతను కూర్చున్నాడు. ఆ పొద్దుటి నుంచి తనకి చేతనైన పని చెప్పినవాళ్లు వదినొక్కతే.

ఆ తర్వాత అతను చూసింది తన జన్మలో మర్చిపోలేదు. అప్పటిదాకా సోఫా అంచున వణుకుతున్న మనిషేనా ఈవిడ? లిఫ్టు తలుపు సందులోంచి సెక్రటరీగారు అరుస్తున్నాడు. "ఎవరు చేశారీ పని? జనరల్ బాడీ మీటింగు పెడతాను. ఇళ్లు ఖాళీ చేయిస్తాను. అసలు నాకు ఊపిరాడటం లేదు."

"మీకు కోపం రావడం న్యాయమే సెక్రటరీగారూ," అంది వదిన, టార్చి వెలుగు సందులోకి పడేలా పట్టి. "మీ చోట నేనుంటే ఇంతకంటే గట్టిగా అరిచేదాన్ని. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను. ముందు కింద కూర్చోండి. కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

"మోకాలు నొప్పిగా ఉందా?"

"ఉంది. ఎడమది."

"అది చాపుకోండి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోండి. ఇప్పుడు పై గుండీ విప్పుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఆడుతోందా?"

"ఆడుతోందమ్మా," అంది గొంతు, సగానికి సగం తగ్గి.

ఈలోగా లెక్చరర్‌గారు నడుముకి తువ్వాలు చుట్టుకుని, నెత్తి మీద నురగతో, గోడ తడుముకుంటూ మెట్ల దాకా వచ్చాడు. "కళ్లు మండిపోతున్నాయండీ. ఇదేనా అపార్టుమెంటు? ఎవరిని అడగాలి?"

"నన్నడగండి సార్, నేనే వింటాను," అంది వదిన. "ముందు కళ్లు రుద్దకండి. అత్తయ్యా, ఫిల్టర్ పక్కన బిందెడు నీళ్లున్నాయి, ఒక చెంబుతో సార్‌కి పట్టండి. సార్, మీరు అక్కడే ఉండండి, మా అత్తగారు మీ దగ్గరికే వస్తున్నారు. కాలు జారకుండా రెయిలింగు పట్టుకోండి."

తల్లి మారుమాట్లాడకుండా చెంబు తీసుకుని మెట్లెక్కింది. అత్తగారి చేత ఒక్క మాటతో పని చేయించినవాళ్లని అతను అంతవరకు చూడలేదు.

ఇక మిగిలింది కింద తండ్రి. "మామయ్యా, వినిపిస్తోందా?" అని మెట్ల సందులోంచి వంగి పిలిచింది. "మీరేం తప్పు చేయలేదు. చేతులు రెండూ కిందికి దించండి. దించారా? ఇప్పుడు చెప్పండి, ఎడమచేతి వైపు చివర్నుంచి చూస్తే కిందికి వాలి ఉన్నవి ఏవి?"

"చాలా ఉన్నాయమ్మా," అంది పాతాళంలోంచి దీనమైన గొంతు.

"చాలా ఉన్నా పర్లేదు. మొదటిది ఒక్కటే పైకి ఎత్తండి. ఎత్తి ఆగండి. నేను చెప్పేదాకా రెండోది ముట్టుకోకండి. సెక్రటరీగారూ, లైటొచ్చిందా? రాలేదా, ఫర్వాలేదు. సార్, కుళాయి చప్పుడవుతోందా? అవుతోందా, అయితే మీరు లోపలికెళ్లి మిగతా స్నానం కానిచ్చేయండి. మామయ్యా, అది మోటారు. గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు రెండోది."

అలా ఒక్కొక్కటే. ఒక్కసారీ గొంతు పెంచలేదు, ఒకరికి చెప్పేది ఇంకొకరికి చెప్పలేదు. మెట్టు మీద దుమ్ముసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతను, అసలెందుకొచ్చాడో మర్చిపోయి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. చివరికి లిఫ్టు చిన్నగా కదిలి, రెండో అంతస్తుకి దిగి, తలుపు తెరుచుకుంది. చొక్కా గుండీ విప్పుకుని, ఎడమకాలు చాపుకుని నేల మీద కూర్చున్న సెక్రటరీగారు ల్యాప్‌టాప్ రెండు చేతులా ఎత్తి వదినకి అందించాడు.

"నువ్వు మాట్లాడుతూ ఉండకపోతే నా గుండె ఆగిపోయేదమ్మా," అన్నాడు. జనరల్ బాడీ మాట ఎత్తలేదు.

ల్యాప్‌టాప్ అందుకున్నాక వదిన గడియారం చూసుకుంది. పదకొండు దాటి చాలాసేపయింది. ఆవిడ ముఖం వాడిపోయింది. "పోనీలెండి, రాసిపెట్టి లేదు," అని టార్చి ఆర్పుదామని ఫోన్ పైకెత్తింది.

"హలో," అంది టార్చి.

మెట్ల మీద ఉన్నవాళ్లందరూ ఉలిక్కిపడ్డారు. వదిన చేతిలోంచి ఫోన్ జారబోయింది.

"మేడం, మీరు ఇంకా లైన్లోనే ఉన్నారా? క్షమించండి మేడం, మా ఇంట్లో కొంచెం..."

"అంతా విన్నాను," అంది ఆ తొణకని గొంతు. "మధ్యలో ఒకసారి టీ తెప్పించుకున్నాను కూడా. మీ పరీక్ష అయిపోయిందండీ."

"అయిపోయిందా? నేనింకా రాయలేదు మేడం."

"రాయక్కర్లేదు. కోపంగా ఉన్న కస్టమరుకి ఎలా సర్దిచెబుతారో రాయమని అడుగుతాం. అందరూ బాగానే రాస్తారు. మీరు ఒకేసారి ముగ్గురికి చేసి చూపించారు. అందులో ఒకాయన లిఫ్టులో ఉన్నాడు. వచ్చే సోమవారం నుంచి చేరండి."

పొద్దున తల నున్నగా దువ్వుకున్న వదిన, ఇప్పుడు చెదిరిన జుట్టుతో, చెంపల మీద కన్నీళ్లు కారిపోతుంటే నవ్వుతూ నిలబడింది. అతను దుమ్ముసంచి కింద పడేసి లేచాడు. వదినకి ఉద్యోగం వచ్చింది. తన వల్ల పోలేదు. తన వల్ల రాలేదు కూడా, అయినా సరే అతనికి కొండంత సంతోషంగా ఉంది.

"ఒక్క విషయం," అంది మేడం. "మీ కంప్యూటర్ పనిచేస్తుందా మరి? లేకపోతే ఏర్పాటు చూడాలి."

"ఇప్పుడే చూసి చెబుతాను మేడం. లైన్లో ఉండండి. మా మరిదిగారు చూస్తున్నారు."

"తెలుసు," అంది మేడం.

అందరూ మళ్లీ కరెంటు వచ్చిన ఫ్లాట్‌లోకి వచ్చారు. తండ్రి కూడా పైకొచ్చాడు, మెడలో సాలెగూడుతో, గెలిచినవాడిలా. సంగతి విని తల్లి కోడలి బుగ్గలు పుణికింది. సెక్రటరీగారికి మంచినీళ్లిచ్చారు. అతను కంప్యూటర్ డబ్బాకి పక్కరేకు తగిలిద్దామని దాన్ని గోడ దగ్గర్నుంచి ముందుకి లాగాడు. వెనకవైపు, వైర్ల మధ్య, చిన్న జేబురుమాలు కప్పి ఉన్న ఏదో బుడిపె కనిపించింది. రుమాలు ఎత్తాడు. పెన్‌డ్రైవ్.

"ఇదేంటమ్మా?"

"నీదేగా," అంది తల్లి. "క్రితం సారి వచ్చినప్పుడు ఫొటోలు ఎక్కాలని పెట్టావు. ఎక్కేదాకా ఎవరూ దీన్ని ముట్టుకోవద్దు, కంప్యూటర్ ఆపొద్దు అని చెప్పి వెళ్లావు. మేమెందుకు ముట్టుకుంటాం? నువ్వు చెప్పాక దుమ్ము కూడా పడనివ్వలేదు. రుమాలు కప్పాను."

"ఆపను కూడా ఆపలేదు. నిన్న కరెంటు పోయినప్పుడు ఆగిందే మొదటిసారి," అన్నాడు తండ్రి.

అతను వంగి పెన్‌డ్రైవ్ పీకేశాడు. ఆన్ చేశాడు. కంపెనీ బొమ్మ వచ్చింది, ఒక్క క్షణం ఉంది, పోయింది. తెర నిండా పిల్లల ఫొటో నవ్వుతూ తెరుచుకుంది. కంప్యూటర్ లోపలికెళ్లడానికి బదులు ఇంతసేపూ ఆ పెన్‌డ్రైవ్‌లో దారి వెతుక్కుంటూ కూర్చుందన్నమాట.

"చూశారా," అంది తల్లి సెక్రటరీగారితో, గర్వం పట్టలేక. "చెయ్యి పెట్టాడు, లేచింది."

"అమ్మా, ఇది నేనే పెట్టి మర్చిపోయాను," అన్నాడతను. ఈసారి గొంతు గట్టిగానే పెట్టాడు. "దీనివల్లే కంప్యూటర్ ఆగింది. కంప్యూటర్ ఆగడం వల్లే కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది, సార్ కళ్లు మండాయి. మొత్తం నా మూలంగానే. నాకు కంప్యూటర్ల గురించి ఓనమాలు రావు. అప్పుడు మదర్‌బోర్డ్ అలవనూ లేదు, ప్లగ్గు ఊడింది, అంతే."

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. "తప్పంతా తన నెత్తినే వేసుకుంటున్నాడు, పిచ్చినాన్న."

"గొప్పవాళ్ల లక్షణం," అన్నాడు తండ్రి.

"బాబూ," అన్నాడు సెక్రటరీగారు, ల్యాప్‌టాప్ అతని వైపు జరుపుతూ. "ఇది కూడా ఈమధ్య కాస్త నెమ్మదించింది. మీరొకసారి చెయ్యి పెడితే..."

అతను దిక్కుతోచక వదిన వైపు చూశాడు. ఆవిడ కూడా మెచ్చుకోలుగా తల ఊపుతోంది. ఇంతలో ఆవిడ చేతిలోని ఫోన్ గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు మాట్లాడింది మీ మరిదిగారేనా?" అంది మేడం.

"అవును మేడం. కంప్యూటర్ బాగైపోయింది."

"మంచిది. అయినా కొత్తది కంపెనీయే పంపిస్తుంది. ఒక్కటే షరతు, దాన్ని ఆయన ముట్టుకోకూడదు."

గదిలో ముఖాలన్నీ మాడిపోయాయి. తల్లి అయితే ఆ మేడంకి బుద్ధి చెబుతానని ఫోన్ లాక్కోబోయింది. అతను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇన్నేళ్లలో అతని మాట నమ్మిన మొదటి బయటి మనిషి ఆవిడే.